సువార్తమ్మ పిడికెడు బియ్యం

నేను ఒక డాల్డా డబ్బాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు మూతకు అప్పుడే తుప్పు. అయినా సువార్తమ్మ నన్ను పారెయ్యలేదు. కడిగి, ఎండబెట్టి, పొయ్యి పక్కన పెట్టుకుంది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి నాలో వేసేది. ఆదివారం చర్చికి తీసుకెళ్ళి కానుకల గంపలో వంపేది. మా పేటలో ఆడవాళ్ళందరిదీ అదే ఆనవాయితీ. దేవుడి వాటా అంటారు. తినేది పాస్టరు గారి ఇంటిల్లిపాదీ అనుకోండి, ఆ మాట డబ్బాలు అనకూడదు.

ఆమె భర్త దేవసహాయం చర్చి వెనక సమాధుల దొడ్లో ఉన్నాడు. పక్కనే ఆమె కోసం ఒక మనిషి పట్టే చోటు వదిలారు. ఆమె ఆశంతా ఆ చోటు మీదే.

చంటిబిడ్డప్పుడు బాప్తిస్మమని నుదుట చల్లిన నీళ్ళు చాలవనీ, తెలిసి నమ్మి మునగాలనీ ఆమెకు తోచింది. ఒక వేసవిలో కాలవలో మునిగి రెండో బాప్తిస్మం పుచ్చుకుంది. మా చర్చిలో అది తప్పు. అంతే, సంఘం పుస్తకంలో ఆమె పేరు కొట్టేశారు, దాంతో దొడ్లో చోటూ పోయింది. ఆ ఆదివారం ఆమె గంప దగ్గరికొస్తే సంఘపెద్ద అడ్డుపడి, నాలోని గింజలు కోళ్ళకు చల్లించాడు. ఆ పెద్ద ఎవరనుకున్నారు? ఆమె సొంత తమ్ముడు జక్రయ్య. క్రీస్తు ప్రేమను గురించి ఆయన ప్రార్థన ఎత్తుకుంటే అరగంటకు తక్కువ కాదు.

ఆమె మాత్రం పిడికెడు తియ్యడం మానలేదు. పురుగు పట్టకుండా వేపాకు వేసి దాచింది. కొన్నాళ్ళకు మంచం పట్టింది. జక్రయ్య వచ్చి తలాపున కూర్చున్నాడు.

“చర్చిలో నిలబడి తప్పయిందని ఒక్క మాట అనక్కా. బావ పక్కన నీ చోటు నీకిప్పిస్తా.”

“అబద్ధమాడి మీ బావ పక్కన ఎట్టా పడుకునేదిరా?”

మూడో రోజు ఆమె పోయింది. దొడ్డి గేటు తాళంచెవి జక్రయ్య జేబులోనే ఉంది, బయటికి రాలేదు. ఆమెను కాలవ గట్టున తుమ్మచెట్ల కింద పూడ్చారు. వానాకాలం ఆ గట్టు జారుతుందని అందరికీ తెలుసు.

ఇల్లు ఖాళీ చేస్తూ జక్రయ్య నా మూత తీశాడు. అంచుదాకా బియ్యం. అక్కడే కూలబడి, వేపాకులు ఒక్కొక్కటే ఏరుతూ ఏడ్చాడు. కోత పండగనాడు ఎవరూ రాకముందే నన్ను కండువా కింద దాచి తెచ్చి, గంపలో వంపేశాడు. మధ్యాహ్నం ఆ గంపలో బియ్యమే వండితే సంఘమంతా బంతి కూర్చుని భోంచేసింది. అన్నం బాగుందని పాస్టరు గారు మారు వడ్డించుకున్నారు. జక్రయ్య మాత్రం విస్తరి మడిచి లేచిపోయాడు.

తర్వాత ఆయన నాలో మట్టి నింపి, బంతి మొక్క నాటి, దేవసహాయం పక్కనున్న ఖాళీలో పెట్టాడు. బాప్తిస్మం ఎక్కడ పుచ్చుకున్నావని నన్నెవరూ అడగలేదు. ఆమెకివ్వని చోట్లో ఇప్పుడు నేనున్నాను.