మిరప గోనె పీలికలు

దర్శికి పడమట ఉన్న నెమలికొండ వెన్ను మీది కాలిబాటను జానకిరామయ్య గారు తన స్వార్జితంగానే భావించేవారు. గుంటూరు కళాశాలలో ముప్పై రెండేళ్లు భూగోళశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన పిమ్మట, పాత సర్వే పటం చేతబట్టి ఆ నాలుగు మైళ్ల దారిని వెలికితీసినది ఆయనే. పాదచారుల సంఘం స్థాపించినదీ, నియమావళి రచించినదీ ఆయనే. ఆ నియమాలలో మొదటిది, కొండ మీద చెత్త కనిపించరాదు అన్నది. డెబ్బై నాలుగేళ్ల వయసులోనూ ఆయన భుజానికి చెత్త సంచి లేకుండా కొండ ఎక్కి ఎరుగరు.

ఆ మధ్యాహ్నం ఆయన వెంట నడుస్తున్నవాడు ప్రభు ఒక్కడే. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. సరిగ్గా ఏడాది క్రితం, ఇదే ఫిబ్రవరిలో, అతని భార్య ఫెబా ఈ వెన్ను మీద నుంచి జారిపడి మరణించింది. ఆమె మిషన్ బడిలో ఉపాధ్యాయిని, సంఘంలో సభ్యురాలు. నలుగురికంటే ముందు నడిచి, కింది చేలను ఫోటో తీయబోయి, అంచున ఉన్న బండ మీద కాలు పెట్టింది. విచారణకు వచ్చిన అధికారికి జానకిరామయ్య గారు స్వహస్తంతో రాసి ఇచ్చారు: "దారిలో ఏ లోపమూ లేదు. ఆమె అజాగ్రత్త వలన దారి విడిచినది."

"పాప అడుగుతోంది సార్," అన్నాడు ప్రభు వెనుక నుంచి. "అమ్మ ఎవరి మాటా వినకుండా వెళ్లిందా అని. బళ్లో ఎవరో అన్నారంట. తొమ్మిదేళ్ల పిల్లకి నేనేం చెప్పను? నాకా చోటు చూపించండి. చూసి ఏదో ఒకటి చెప్పుకుంటాను."

"తప్పక చూపిస్తాను, ప్రభు గారూ."

రెండు వైపులా నేల కిందికి జారిపోయింది. తూర్పున కళ్లాలలో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా మెరుస్తున్నాయి. పడమట ఏరివేత ముగిసిన పత్తిచేలు కట్టెలుగా మిగిలాయి. ఈ దృశ్యం చూపించడానికే ఆయన ఎందరినో ఇక్కడికి తీసుకువచ్చారు. ఈ రోజు అటు తల తిప్పలేదు. దారిలో పడి ఉన్న బిస్కెట్ కాగితాన్ని మాత్రం వంగి తీసి సంచిలో వేసుకున్నారు.

ఆ చోటు వచ్చింది. దారికి నాలుగడుగుల అవతల, మంచం వేసేంత చదునైన బండ. దాని అంచు విరిగి ఉంది. దారికీ బండకూ మధ్యనున్న తుప్పల కొమ్మలకు గోనె పీలికలు వేలాడుతున్నాయి.

"మళ్లీ చెత్త," అని విసుక్కుంటూ ఆయన మొదటి పీలిక ముడి మీద చేయి వేశారు.

"ఓ పంతులు గారూ, దాని జోలికి పోమాకండి."

రాళ్ల మాటున మేకలు కాస్తున్న ముసలివాడు లేచి వచ్చాడు. పేరు బుడే. ఈ కొండ మీద యాభై ఏళ్లుగా మేకలు మేపుతున్నవాడు.

"మేకయితే ఆకు కోసం ఎక్కుద్ది కొండ. మీరెందుకు ఎక్కుతారో నాకీనాటికీ తెలియదు. ఎక్కితే ఎక్కారు, కట్టినయ్యి ఎందుకు ఊడదీస్తారు?"

"ఇది చెత్త కాదా?"

"చెత్తేందయ్యా. మిరపకాయల గోతాం చింపి కట్టా. ఆ ఘాటుకి మేక అటు మూతి పెట్టదు. ఆ బండ కింద డొల్ల. పైనుంచి చూస్తే రాయి, కిందంతా గాలే. మా నాయన కాలం నుంచి ఈడ కడతానే ఉన్నాం. ఈ చుట్టుపక్కల మేకలు కాసే ఏ కొంపలో అడిగినా చెప్తారు, గోనె పీలిక కట్టారంటే అటు అడుగు పడకూడదని."

ప్రభు రెండడుగులు ముందుకు వచ్చాడు. "పోయినేడు ఇవి ఉన్నాయా?"

"పదకొండు కట్టా. మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయి మూడు నెలలకు తిరిగొచ్చా. ఒక్కటి లేదు. ఎవడో అన్నీ ఊడబెరికాడు. ఈలోగానే ఎవరో ఆడమనిషి పడిపోయిందన్నారు."

"పోలీసులకు చెప్పలేదా?"

"నన్నెవరడిగారు?"

ప్రభు అక్కడే ఒక రాతి మీద కూలబడ్డాడు.

"ఫెబా వాళ్ల తాత మేకలు కాసినవాడే సార్. దర్శి దగ్గరే వాళ్లూరు. చిన్నప్పుడు ఆయన వెనకే తిరిగేదంట. ఇవి ఉండుంటే ఫెబా అటు వెళ్లేది కాదు. లేవు కాబట్టే బండ మంచిదనుకుంది." ముఖం తుడుచుకున్నాడు. "ఏడాదిగా మనసులో దాన్నే తిట్టుకుంటున్నాను. ఇప్పుడు పాపకు చెబుతాను, అమ్మ తప్పేం లేదు, ఎవడో వెధవ తీసేశాడని."

జానకిరామయ్య గారి చేతివేళ్లకు గోనె ఘాటు అంటుకుంది. ఆ ఘాటు ఆయనకు కొత్త కాదు. ప్రమాదానికి తొమ్మిది రోజుల ముందు, ఇవే తుప్పల దగ్గర నిలబడి, తుమ్ముతూ, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, పదకొండు ముడులు ఓపికగా విప్పారు. ఆ రాత్రి దినచర్యలో "దుర్గంధపూరితమైన గోనె పీలికలు పదకొండు తొలగించితిని" అని రాసుకున్నారు. ఆ పుటను ఏడాదిలో ఒక్కసారైనా తిరగవేయవలసిన అవసరం ఆయనకు తోచలేదు.

బుడే చూడలేదు. ప్రభు అనుమానించలేదు. పిల్లకు కావలసిన జవాబు దొరికింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ కొత్తగా జరిగే నష్టమేమీ లేదు. కాని ఆమె అజాగ్రత్త అని తాను రాసి ఇచ్చిన కాగితం ప్రభుత్వ దస్త్రంలో ఉంది. దాని కింద తన సంతకం ఉంది.

"ఎవడో కాదు," అన్నారు ఆయన. "ఆ పీలికలు తీసినది నేను."

బుడే ఆయనను పాదాల నుంచి తల దాకా చూశాడు. కర్ర తీసుకుని మేకల వైపు వెళ్లిపోయాడు.

ప్రభు తల ఎత్తి ఆయన భుజాన ఉన్న చెత్త సంచి వైపు చూశాడు.

"ఫెబా పోవడానికి కొద్ది రోజుల ముందు మీరు సంఘం వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు," అన్నాడు. "నిండిన సంచి. ఫెబా తెచ్చి నాకు చూపించింది. ఈ వయసులో మా సారుకి ఎంత శ్రద్ధో చూడండి అంది."

జానకిరామయ్య గారు క్షమాపణకు తగిన వాక్యం కోసం వెతికారు. ప్రతి వాక్యమూ వ్యాకరణ శుద్ధంగానే ఉంది. ఒక్కటీ నోటి దాకా రాలేదు.

ప్రభు లేచి దిగసాగాడు. వెనుదిరిగి చూడలేదు. ఆయన అనుసరించబోయారు గాని, మొదటి మెట్టు రాతి దగ్గరే కాలు దించలేక నిలబడిపోయారు. కింద పాదాల చప్పుడు ఆగింది. ప్రభు తిరిగి పైకి వచ్చి చేయి చాపాడు.

"దిగండి."

ఆ మాట వెనుక సార్ అన్నది లేదు. ఆయన ఆ చేయి పట్టుకున్నారు. పట్టుకోక తప్పలేదు. గంటన్నర సేపు, ప్రతి రాతి దగ్గరా, ఆ చేయే ఆయనను దించింది.

కొండ కింద ప్రభు బైకు తీశాడు. "మా పాప స్తుతి నాలుగింటికి బడి నుంచి వస్తుంది. దానికి మీరే చెప్పాలి."

చెత్త సంచిని ఒళ్లో పెట్టుకుని ఆయన వెనుక కూర్చున్నారు. దారి పొడవునా కళ్లాల ఘాటు గొంతు పట్టుకుంది. దగ్గు వస్తోంది, దగ్గడానికీ సిగ్గుగా ఉంది.

ఇంటి ముందు ఆ పిల్ల ఇంకా యూనిఫారంలోనే ఉంది. తల్లి కళ్లే. ఆయనను చూడగానే చేతులు జోడించింది.

"వందనాలు తాతగారూ. అమ్మ మీ గురించి చెప్పేది."

లోపలికి పరుగెత్తి, తన ఎత్తున్న కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చి, గౌనుతో దుమ్ము తుడిచి ఆయన ముందు వేసింది. ప్రభు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జానకిరామయ్య గారు కుర్చీ వీపు పట్టుకున్నారు గాని కూర్చోలేదు.