అన్‌ఫిట్ అనిపించుకోవాలి

మళ్లీ దగ్గాలి, లోపల డాక్టరుకు వినబడేలా గట్టిగా, కానీ పాడు దగ్గు అవసరానికి రాదు, పొద్దున్నుంచి బీడీ మీద బీడీ కాల్చాను, దవాఖాన మెట్లు ఎక్కి దిగి ఎక్కాను, ఆయాసం రావాలని, వచ్చింది భయమే, ఈ మెడికల్ బోర్డు నన్ను అన్‌ఫిట్ అంటే బొగ్గుబాయిలో నా నౌకరీ నా బిడ్డ దీపకు వస్తుంది, ఫిట్ అంటే రేపు అది హైదరాబాద్ బస్సెక్కుతుంది, అక్కడ టీకాల కంపెనీలో పని, సీసాల్లో వైరస్‌ను పెంచుతారట, పాముకు పాలుపోసి పెంచినట్టు, తెలిసి తెలిసి అందులో చెయ్యి ఎలా పెట్టనిస్తాను, నాలాగే బోర్డుకొచ్చి పక్కన కూర్చున్న జైపాల్ మోచేత్తో పొడుస్తాడు, సదన్నా, గంత చెమటేందే, ఫికర్ చెయ్యకు, దమ్మొస్తది, ఊపిరాడదని చెప్పు, అయిపాయె, వాడికేం, వాడికి మోకాళ్లు నిజంగానే పోయాయి, మొన్న టీవీలో చెప్పారు, ఇంకో మహమ్మారి వచ్చేలోపు మన టీకాలు మనమే జల్దీ తయారు చేసుకోవాలట, కొత్త ఫ్యాక్టరీలు, ల్యాబులు, వేలమంది చదువుకున్న పిల్లలు కావాలట, చూడు నాయినా, నా చదువు గురించే చెప్తున్నరు అని దీప మురిసింది, దేశానికి నా బిడ్డే దొరికిందా, ఛీ, ఏం మాట, కానీ అదే అన్నాను, గా రోగాల కొంపల పడుడేంది బిడ్డా, ఈడనే ఉండు అన్నాను, అది కంచం ముందునుంచి లేచింది, నువ్వు బాయిలకు దిగంగ అవ్వ నిన్ను ఎన్నడన్న ఆపిందా నాయినా.

ఆపలేదు, నా పెండ్లాం పూలమ్మ ఒక్కనాడూ ఆపలేదు, కరోనా మొదటి ఏడాది ఆమెకే తగులుకుంది, నన్ను దవాఖాన గేటు దగ్గరే ఆపేశారు, లోపలినుంచి ఫోన్ చేసింది, దీనికి సూది లేదటయ్యా, తయారైతుందంటున్నరు, ఎక్కడ తయారవుతోందో, ఎవరు చేస్తున్నారో, జల్ది చెయ్యండి తల్లీ అని గేటు ఊచలు పట్టుకుని మొక్కాను, సూది వచ్చింది, గనిలో అందరికీ వేశారు, నాకూ వేశారు, పూలమ్మ ఏడాది మాసికం పెట్టాక.

సదానందం ఎవరు, లోపలికి రా, వీపు మీద చల్లగా తగులుతుంది, గట్టిగా గాలి తీసుకో అంటాడు డాక్టర్, ఏం చేయను, నిండుగా పోయింది లోపలికి, పనిల దమ్మొస్తదా పెద్దాయనా, ఇదే, ఈ ఒక్క మాట కోసమే వచ్చాను, అవును సార్ అంటే చాలు, నోరు తెరుస్తాను, ఆ రోజు తల్లీ అని నేను మొక్కింది ఎవరికి, ఆ టీకా చేసిన చేతుల్లో ఒక ఆడపిల్ల చేతులూ ఉండే ఉంటాయి, దానికీ ఒక తండ్రి ఉండే ఉంటాడు, పోకు బిడ్డా అని కాళ్లకు అడ్డం పడి ఉంటాడు, అట్లా తండ్రులు ఆపిన రోజులే పూలమ్మకు తక్కువ పడ్డాయేమో, అమ్మో, భయం తగ్గడం లేదు, రేపు బస్సు కదిలితే ఇంకా ఎక్కువవుతుంది, రాదు సార్ అంటున్నాను, దమ్ము రాదు, మంచిగనే ఉన్న, ఇవాళ నా బిడ్డను ఆపితే, ఇంకెవరి ఇంటి పూలమ్మకో సూది అందకుండా చేసేది నేనే.