మూడో గడి

నివేదిక ఐదు ప్రతులు తీయించాలి, పట్టికల పేజీలు తలకిందులు కాకుండా చూసుకోవాలి, ప్రొఫెసర్‌గారి సంతకం, రెండో ఏడాది పిల్లల హాజరు, అమ్మకు మందుబిళ్లలు, పదకొండింటికి వైద్యం కార్డులిచ్చే ఆఫీసు మూడో అంతస్తులో సమావేశం, బిళ్లలు తప్ప అన్నీ అయ్యాయి, ఇక మెట్లెక్కడమే మిగిలింది అనుకుంటూ ఆమె ఫైలు గుండెకు ఆనించుకుని ఎక్కుతోంది, ఒక్కో మెట్టుకీ సర్వే ఫారంలోని ఆ పద్నాలుగో ప్రశ్న కాలికి అడ్డం పడుతోంది, చెత్త వేరుచేసే షెడ్డులో అరవై రెండు మంది ఆడవాళ్లకు ఉచిత వైద్యం కార్డు ఎందుకు రాలేదు, అర్హత లేకపోవడమా, తెలియకపోవడమా, రెండే గడులు, గీసింది ఎవరో కాదు, సమాజసేవ విభాగంలో పరిశోధన పాఠాలు చెప్పే తనే, అర్హత అందరికీ ఉంది కనుక పిల్లలు వరసగా రెండో గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయారు, ఒక్కరికీ అవగాహన లేదని పట్టిక ఎంత ముద్దుగా వచ్చిందో, చూసి మురిసిపోయిందే గాని అంత శుభ్రంగా ఎలా వచ్చిందని అనుమానం రాలేదు.

నిన్న షెడ్డులో గోనెసంచి మీద కూర్చుని అదంతా వాళ్లకే చదివి వినిపిస్తుంటే లాయరమ్మ దగ్గుతూనే నవ్వింది, కోర్టు గుమ్మం తొక్కింది లేదు, కాగితం ముక్క పారేయదని అందరూ అలా పిలుస్తారు, మాకు తెలియదని రాసుకొచ్చావా పిల్లా అంటూ ప్లాస్టిక్ కవరు విప్పింది, దరఖాస్తు అందినట్టు ఆఫీసు ఇచ్చిన చీటీలు, తొమ్మిది, మిగతావాళ్లూ లేచి తమవి పట్టుకొచ్చారు, తెలియకుండానే ఇన్నిసార్లు షికారుకెళ్లామా, మేం పెట్టుకున్నాం, వాళ్లు ఇవ్వలేదు, ఆ మాటకి నీ ఫారంలో జాగా ఏదే, అంత చదువు చదివావు, మూడో గడి గీయడానికి స్కేలు దొరకలేదా, అందరూ గొల్లున నవ్వారు, తనూ నవ్వింది, నవ్వుతుంటేనే చెవులు కాలిపోయాయి, బడి ఊడ్చే అమ్మ దరఖాస్తు తనకు తొమ్మిదేళ్లప్పుడు తనే రాసింది, ఆఫీసు కిటికీ అందక మునివేళ్ల మీద నిలబడింది, రేపు రండి అన్న మాట ఎన్నిసార్లు వింది, ఇంట్లో మొదటి డిగ్రీ చేతికొచ్చేసరికి ఆ కిటికీ ఎలా మర్చిపోయింది, రెండో అంతస్తు, ఊపిరి తీసుకుంది, పొద్దున ప్రొఫెసర్‌గారు అన్నారు, కింద చిన్న వివరణ వెయ్యమ్మా చాలు, ఇప్పుడు ముగింపు మారిస్తే విభాగం పరువేం కాను, మంచివారే, ఈ ఉద్యోగానికి సిఫారసు చేసిందీ ఆయనే, కానీ సార్, చిన్నక్షరాలు ఎవరు చదువుతారు, ముగింపు చూసి సదస్సులు పెడతారు, దరఖాస్తులు మాత్రం ఎవరూ తెరవరు, లాయరమ్మ అలా దగ్గుతూనే ఉంటుంది అని తనంటే, ఆయన కళ్లజోడు తుడుచుకుని, పెద్దక్షరాల్లోనే రాయి అని సంతకం చేశారు.

తలుపు తోసింది, రండి మేడం, సంగతి విన్నాం, అవగాహన లేకపోవడమే కదా, ఆరు సదస్సులు పెట్టించి ఫైలు మూసేద్దాం అంటున్నాడు అధికారి చేతిగడియారం చూసుకుంటూ, ఆమె కూర్చోలేదు, లేదండి, వాళ్లకు అన్నీ తెలుసు, తప్పు నా ఫారంది, కొత్త ముగింపు ఇదిగో, మీ ఆఫీసు ముద్ర ఉన్న చీటీల నకళ్లు ఇవిగో, అరవై రెండు మందివీ, ఆయన ఒక నకలు తిరగేశాడు, ఇంకోటి తిరగేశాడు, గడియారం సంగతి మర్చిపోయాడు, ఆ దరఖాస్తులు ఏ బీరువాలో ఉన్నాయో వెతికి తీసుకురా అని గుమాస్తాను పంపించాడు, ఇవి చూసేదాకా ఎవరూ లేవొద్దు అన్నాడు, అప్పుడు కూర్చుంది, రేపటి క్లాసు అప్పటికే కళ్లకు కట్టింది, సామాజిక న్యాయానికి నిర్వచనం రాయించడం కాదు, పిల్లల్ని షెడ్డుకు తీసుకెళ్లి ఆ ఫారం అక్కడి ఆడవాళ్ల చేతే దిద్దించాలి, ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లు కొట్టివేతలు పెట్టేదాకా అది పరిశోధనే కాదు, ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు, ఒక్క లాయరమ్మ చెప్పింది, మీరూ ఎప్పుడైనా ఎవరి గుమ్మం ముందైనా ప్రశ్నల కాగితం పట్టుకుని నిలబడితే, రాయడానికి ముందు ఆమెను ఒక్కసారి తలచుకోండి.