విప్పి ఇచ్చిన వణుకు

భువన రెండో పెసరట్టు తిరగేస్తుండగా ఫోను మోగుతుంది. గోపాలపట్నంలో కారు షెడ్డు నడిపే సూరిబాబు.

"శుభవార్త మేడమ్. మీ కారు వణుకు పోయింది. మొత్తం విప్పీసినాం. వొచ్చి రెండూ పట్టుకెల్లండి."

"రెండూ అంటే?"

"కారూ, వణుకూ."

ఇందులో భువనకు వింతేమీ కనిపించదు. పెళ్లయి నెల తిరగని మనిషికి రోజుకో శుభవార్త రావడం మామూలే. మొన్న గ్యాసు కనెక్షన్ వచ్చింది, నిన్న బాల్కనీ కుండీలో మొగ్గ వేసింది, ఇవాళ ఇది. అట్లకాడతోనే గదిలోకి పరుగెడుతుంది.

"ఏవండీ! వణుకు పోయిందట!"

"హమ్మయ్య" అంటాడు త్రినాథ్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "ఇంక స్టీరింగ్ పట్టుకుంటే గ్రైండర్‌ని వాటేసుకున్నట్టు ఉండదన్నమాట."

ఆ కారు పరుగెత్తినంతసేపూ బుద్ధిగానే ఉండేది. బ్రేకు తొక్కితేనే గొడవ. పెడల్లో మొదలైన వణుకు స్టీరింగ్‌లోకి, అక్కడి నుంచి ఇద్దరి పళ్లలోకి పాకేది.

షెడ్డులో సూరిబాబు చక్రం వెనకనుండే ఇనుప డిస్కు పాతదొకటి చేతికిచ్చి చూపిస్తాడు. దాని మెరుపులో అరచేయంత నల్లటి మచ్చ.

"ముందు బోల్టులు ఎగుడుదిగుడుగా బిగించీసినారేమో అనుకున్నాం. విప్పి, ఎదురెదురుగా సమంగా బిగించినాం. పోలేదు. డిస్కు కూర్చునే చోట తుప్పు గీకీసినాం. పోలేదు. లేతు మిషను మీద ఎక్కించి తిప్పితే ఈ మచ్చ బయటపడింది. బాగా కాలిపోయిన బ్రేకుని ఎక్కడో తొక్కిపట్టి ఉంచీసినారు. డిస్కుని నొక్కే ప్యాడు పొర అక్కడే అతుక్కుపోయింది. చక్రం తిరిగినప్పుడల్లా ఆ మచ్చ దగ్గర పట్టుకుంటాది, వొదిలేస్తాది. ఎక్కడ ఆపినారేటి?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

పెళ్లి అరకులో జరిగింది. తిరిగొస్తుంటే ఘాట్ రోడ్డు పొడుగునా లోయ చూడమని భువన, చూస్తూనే బ్రేకు మీంచి కాలు తీయకుండా త్రినాథ్. గేరు తగ్గించాలన్న ఊసే లేదు. కొండ దిగాక కూడా ఆ కాలు బ్రేకును వదల్లేదు. అలా కాలుతున్న బ్రేకులతో విశాఖలో ఇంటి గేటు ముందుకొచ్చేసరికి త్రినాథ్ అక్క శ్యామల చేతులు బార్లా చాపి కారుకు అడ్డంగా నిలబడింది. కొత్త దంపతుల చేత గుమ్మంలో పేర్లు చెప్పించాలి కదా. తుంపర పడుతోందని ఆమె ఆ ముచ్చటను గేటు దగ్గరికే తెచ్చేసింది.

"పేర్లు చెప్పందే మనుషులే కాదు, కారు కూడా లోపలికి రాదు!"

భువన హాజరు పలికినట్టు ఠక్కున చెప్పేసింది. త్రినాథ్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. వీధి ఏటవాలు, కాలు బ్రేకు మీద. "భు..." అన్నాడు. పిన్నులూ అత్తలూ ఘొల్లుమన్నారు. మాట అక్కడే ఆగింది. వాన పెద్దదై అందరూ లోపలికి పరుగెత్తారు. ఆ రోజు నుంచి అతను భార్యను పేరుతో పిలవలేదు. "ఇదిగో", "ఓయ్" తోనే కాపురం నడుస్తోంది.

"అదన్నమాట" అంటాడు సూరిబాబు అంతా విని. విప్పిన పాత సామాను కారు వాళ్లకే అప్పజెప్పడం ఆ షెడ్డు పద్ధతి. పాత ప్యాడ్లతో పాటు వణుకునూ అట్టపెట్టెలో పెట్టి, పురికొస చుట్టి, భువన చేతిలో పెడతాడు. పెట్టె వెచ్చగా ఉంది.

"కొత్త ప్యాడ్లకి అలవాటు చెయ్యాల మేడమ్. స్పీడు మెల్లగా తగ్గించండి, పూర్తిగా ఆగకండి, మల్లీ వెల్లండి. అలా కొన్నిసార్లు. తరవాత చల్లారనివ్వండి."

"మరి దీన్నేం చెయ్యాలి?"

"మీ సామాను, మీ ఇష్టం. దాని పక్కన ఏదీ ఆగకుండా చూసుకోండి. ఆగినదాన్ని పట్టుకుంటాది."

కారు మంచు మీద జారినట్టు ఇల్లు చేరుతుంది. సిగ్నళ్లన్నీ పచ్చగానే ఉన్నాయి, వేగం తగ్గిన ప్రతిసారీ భువన చప్పట్లు కొడుతుంది. పెట్టెను వంటింటి అటక మీద పెట్టి, ఆ సంతోషంలో సేమ్యా పాయసం పొయ్యిమీద పెడుతుంది.

ముందు ఫ్యాను. స్విచ్చి ఆపగానే రెక్కలు ఆగలేక కొట్టుకుంటాయి. తర్వాత మిక్సీ. ఆ తర్వాత కుళాయి. చివరి చుక్క రాలకుండా కొసన వణుకుతూ ఉంటుంది. భువన ఫ్యాను మళ్లీ వేస్తుంది, కుళాయి మళ్లీ తిప్పుతుంది. ఇల్లు నెమ్మదిస్తుంది.

త్రినాథ్ క్యాలెండర్ ముందు ఆగుతాడు. అతని అంచులు రెండుగా కనిపిస్తాయి, నాలుగుగా కనిపిస్తాయి. గోడకున్న పెళ్లి ఫోటో గలగలలాడుతుంది.

"చలా?" అని నవ్వుతుంది భువన.

"కాదు. ఆగుతున్నాను" అంటాడు. నడక మొదలుపెట్టగానే మళ్లీ ఒక్కడవుతాడు.

కాబట్టి నడుస్తూనే ఉంటాడు. భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ అన్నం తింటాడు. నెయ్యి చెంచాతో భువన వెనకే తిరుగుతుంది.

"మళ్లీ ఏడడుగులు వేయిస్తున్నారా నా చేత?"

"ఏడుతో అయ్యేలా లేదోయ్."

చేయి కడుక్కోవడానికి తప్పక ఒక్కసారి ఆగుతాడు. ఈసారి అతను తనలోకి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. మీసం కాస్త ఎడమకు వచ్చి కుదురుకుంటుంది. పెళ్లి ఉంగరం వేలికి అంగుళం దూరంలో, గాలిలో సన్నగా మోగుతూ ఉండిపోతుంది.

"ఇంకోసారి ఆగితే" అంటాడు నడుస్తూ, "మొత్తం వస్తానో రానో."

భువన నెయ్యి చెంచా పక్కన పడేస్తుంది. స్టూలెక్కి అటక మీది పెట్టె విప్పుతుంది. పాత ప్యాడ్లున్నాయి. వణుకు లేదు. షెడ్డుకు ఫోను చేస్తుంది.

"అయితే సారుకి ఎక్కీసుంటాది" అంటాడు సూరిబాబు. "మనుషుల పని మేం చెయ్యం మేడమ్. లేతుకి పట్టరు."

ఇక మిగిలింది ఆపిన మనిషే. భువన శ్యామలకు ఫోను చేస్తుంది.

"వదినా, ఆ రోజు మీరు ఆపారు చూడండి, ఆయన ఇంకా అక్కడే ఆగుతున్నారు."

"ఆగక ఏటి చేస్తాడు? పేరు చెప్పలేదు కదా." శ్యామల గొంతు వెనక వాన చప్పుడు. "నాకూ చేతులు పీకేస్తున్నాయమ్మా. బేగి రండి."

"మీరింకా చేతులు దించలేదా? ఆ రోజు లోపలికి వచ్చేశారుగా?"

"అందరూ వొచ్చీసినారు. నేను రాలేదు."

భువన కిటికీలోంచి చూస్తుంది. గేటు దగ్గర పొడి ఎండ తప్ప ఎవరూ లేరు. "ఏ గేటు దగ్గరున్నారు వదినా?"

"మీరింకా రాని గేటు" అని శ్యామల ఫోను పెట్టేస్తుంది.

"ఏవండీ, ఇప్పుడే చెప్పేయండి. నా పేరు" అంటుంది భువన.

త్రినాథ్ నోరు తెరుస్తాడు. "భు... భు... భు..." అల్మారాలో గిన్నెలు ఒకదానిమీదికొకటి ఎక్కుతాయి. మాట ముందుకూ పోదు, ఆగనూ ఆగదు. అతని చెవులు అతనికంటే వెడల్పుగా కనిపించేసరికి భువన అతని నోరు మూసి చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఆ చేయి కాలుతోంది.

అప్పుడు ఆమెకు తడుతుంది. కాలుతున్నదాన్ని తొక్కిపట్టకూడదు. అలవాటు చేయాలి.

"మెల్లగా నడవండి... ఇంకా మెల్లగా... ఆగకండి! మళ్లీ నడవండి."

బల్ల చుట్టూ అలా తిప్పుతుంది. తగ్గడం, ఆగబోవడం, మళ్లీ సాగడం. పొద్దుగూకేసరికి చేయి గోరువెచ్చనవుతుంది. మీసం మధ్యకు జరుగుతుంది. ఉంగరం వేలిమీద వాలుతుంది. భువనకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తాయి. అతని నోట్లో చెంచాడు పాయసం పెట్టి, తను కుర్చీలో కూలబడుతుంది.

కూర్చున్నాక కిటికీ అవతల కరెంటు స్తంభం ఒకటి పక్కకు జరిగిపోతుంది. దాని వెనక ఇంకొకటి. పక్కింటి మేడమీద ఆరేసిన చీరలు, తర్వాత ఎవరివో తెలియని చీరలు.

"ఏవండీ, మన ఇల్లు వాలు దిగుతోంది."

"చూశాను" అంటాడు త్రినాథ్ బల్ల చుట్టూ నడుస్తూ. "గేరులోనే ఉందిలే."

వీధి చివర, చాలా దిగువన, ఒక గేటు ఉంది. దాని ముందు శ్యామల ఆనాటి పట్టుచీరలో నిలబడి ఉంది. వాన ఆమె ఒక్కదాని మీదే పడుతోంది. ఒక చేయి కైలాసగిరి దాకా, ఇంకో చేయి సింహాచలం కొండ దాకా చాచి ఉంది. కొండల మీది దీపాలు ఆమె గాజుల్లోంచి కనిపిస్తున్నాయి.

బల్ల కింద భువన పాదానికి ఏదో తగులుతుంది. బ్రేకు పెడల్. చురుక్కుమంటుంది. ఆమె రెండు కాళ్లూ కుర్చీమీదికి ముడుచుకుంటుంది.

"రేపు పొద్దున అక్కడికి చేరతాం" అంటుంది, ఊరెళ్లే ఏర్పాట్లు చెబుతున్నట్టు. "కాఫీలు తాగేసి మీరు నా పేరు మొదలుపెట్టండి. కొంచెం అనండి, తగ్గించండి, మళ్లీ అనండి. గేటు వచ్చేసరికి పేరు పూర్తవ్వాలి. అప్పుడు వదిన చేతులు దించుతారు. అంతవరకూ ఎవరూ బ్రేకు తొక్కొద్దు."

"సరే" అంటాడు త్రినాథ్ నడుస్తూనే.

భువన వంగి చూస్తుంది. బల్ల కింద ఎవరి కాలూ లేదు. పెడల్ ఒక్కటే, మెల్లగా, లోపలికి దిగుతోంది. కిటికీ అవతల స్తంభాలన్నీ ఒక్కసారిగా వణకడం మొదలుపెడతాయి.