నీళ్ళు బాగా తాగండి

చొక్కాల కంపెనీ షెడ్డులో, ఇస్త్రీ బల్ల దగ్గర చెల్లి కూలబడిపోయింది. సూపర్‌వైజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి, ముందు ఇస్త్రీ పెట్టె ఎత్తి చొక్కా మాడిందేమో చూశాడు. మాడలేదు. అప్పుడు మనిషిని చూశాడు.

"ఇంట్లో తినకుండా వస్తారు, ఇక్కడికొచ్చి పడతారు," అన్నాడు.

కుట్టుమిషన్ల వరసలోంచి అక్క లేచి వచ్చింది. ఆమె కుట్టేది కాలర్లు, అందుకని షెడ్డు మొత్తానికీ ఆమె కాలరక్క. పడ్డది సొంత చెల్లెలు. చెల్లికి నాలుక పిడచకట్టుకుపోయి మాట రావడం లేదు.

రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. "ఈ వేసవిలో ఇలా వచ్చినవాళ్ళలో ఈమె పదకొండోది. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి. అంత వేడిలో పనిచేస్తూ నీళ్ళెందుకు తాగలేదమ్మా?"

కాలరక్క తల దించుకుంది. తాగొద్దని నేర్పింది తనే. "పొద్దున ఒక గుక్క, మళ్ళీ ఇంటికొచ్చాకే" అని, చెల్లి పనిలో చేరిన మొదటిరోజే పెద్ద తెలివైనదానిలా చెప్పింది. ఎందుకంటే రెండు వందల మంది ఆడవాళ్ళకి ఉన్నది ఒక్క బిళ్ళ. సూపర్‌వైజరు బల్ల వెనక మేకుకి వేలాడే ప్లాస్టిక్ బిళ్ళ. అది చేతిలో ఉంటేనే మరుగుదొడ్డికి పోవాలి. పోయినామె తిరిగొచ్చేదాకా మిగతావాళ్ళు బిగబట్టుకోవాలి. కంపెనీ డాక్టరు మాత్రం "పుట్టుకతో వచ్చిన బలహీనత" అని రాసి చేతులు దులుపుకున్నాడు. పురుడు పోసినవాడిలాగే రాశాడు మహానుభావుడు.

పైన రేకులు, లోపల ఇస్త్రీ ఆవిరి. చాలదన్నట్టు మేనేజరు గది ఏసీ పెట్టెని షెడ్డు వైపు గోడకి బిగించారు. ఆయన గదిలో వేడంతా తెచ్చి వీళ్ళ నెత్తిన పోస్తుంది. కిందటేడు దాకా రేకుల సందుల్లో పిచ్చుకలుండేవి. ఈ ఏడు గూట్లోనే గుడ్లు ఉడికిపోతే వదిలేసి పోయాయి. పోవడానికి వాటికి బిళ్ళ అక్కర్లేదు.

వారం తిరక్కుండానే కంపెనీకి జాలి పుట్టుకొచ్చింది. 'మారుతున్న వాతావరణం, మన ఆరోగ్యం' అని షెడ్డులోనే సభ పెట్టారు. చల్లటి కారులోంచి దిగిన నిపుణుడొకాయన, పావుగంటలో పదిసార్లు చెమట తుడుచుకుని, భూమి వేడెక్కుతోందన్నాడు. పక్షులు చస్తున్నాయన్నాడు. "ఇది మనందరి సమస్య. గంటకో గ్లాసు నీళ్ళు తాగాలి" అన్నాడు. 'నీళ్ళు బాగా తాగండి' అని ఒక పోస్టరు అంటించి వెళ్ళిపోయాడు. అంటించింది సరిగ్గా బిళ్ళ పైన.

"మనందరి సమస్యట. అందులో ఆయన వంతెంతో చెప్పకుండానే పోయాడే," అంది కాజాలు కుట్టే పెద్దమ్మ.

మధ్యాహ్నం అన్నాల దగ్గర రచ్చ మొదలైంది. సమ్మె చేద్దామన్నారు కొందరు. "చేస్తే సాయంత్రానికి గేటు బయటుంటాం. పిల్లలకి నువ్వు పెడతావా?" అని గుండీలు కుట్టే ఆమె కసిరింది.

"నా చెల్లెల్ని పాడుచేసింది సగం నేనే," అంది కాలరక్క. "దాహం చంపుకోమని నేర్పాను. మీకూ మీ అక్కలు అదే నేర్పారు. పని మానొద్దు. నీళ్ళు తాగుదాం. వాళ్ళే తాగమన్నారుగా, తాగినందుకు ఎలా తీసేస్తారో చూద్దాం."

మర్నాడు పొద్దున పదింటికి రెండు వందల సీసాలు లేచాయి. పదిన్నరకి మళ్ళీ లేచాయి. పదకొండింటికి మిషన్లన్నీ ఆగిపోయాయి. సూపర్‌వైజరు బల్ల దగ్గర్నుంచి గేటు దాకా వరస. బిళ్ళ ఒక్కటే.

మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు. "ఏంటిది?"

"నీళ్ళు తాగాం సార్. బాగా," అని కాలరక్క పోస్టరు చూపించింది.

మేనేజరు నీళ్ళు నమిలాడు. ఆ రోజు షెడ్డులో నీళ్ళు తాగకుండా నమిలింది ఆయనొక్కడే. చివరికి, "సరే, ఇంకో నాలుగు బిళ్ళలు చేయిస్తా" అని ధర్మప్రభువులా సెలవిచ్చాడు.

"నువ్వు చేయించేదాకా నాకు ఆగదు నాయనా. నీ గదిలో దొడ్డి ఉందిగా," అని పెద్దమ్మ తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

వరసంతా అటు తిరిగింది. చలి తగిలేసరికి ఒళ్ళు జలదరించి ఆడవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. తమ షెడ్డులోకి వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో వాళ్ళకి అప్పుడు ఒంటికి తెలిసింది. "దీనికోసమా మేం ఉడికింది," అంది గుండీలామె. నిన్న కసిరింది ఆమే.

పోలీసులొచ్చారు. అందరినీ ఎగదోసింది ఆమేనని, 'అక్రమంగా చొరబడినందుకు' కాలరక్కని తీసుకుపోయారు. దాహానికీ ఒక సెక్షనుంటుందని అందరికీ తెలిసొచ్చింది. వ్యాను ఎక్కేటప్పుడు ఆమె పిడికిలి బిగించి ఉంది. మేకు మీంచి లాక్కున్న బిళ్ళ అందులో ఉంది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర చెల్లి నిలబడి ఉంది. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. లోపల సూపర్‌వైజరు అట్టముక్కతో కొత్త బిళ్ళ కత్తిరిస్తున్నాడు.

"నువ్వెందుకొచ్చావే ఈ ఎండలో?" పెద్దమ్మ తన సీసా అందించబోయింది.

చెల్లి వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు తాగాలన్నా తాగనివ్వరు పెద్దమ్మా. రోజుకి రెండు గ్లాసులే అంది డాక్టరమ్మ. ఒంట్లోంచి నీళ్ళు పోవట్లేదట." రెండు వందల ముఖాలనూ చూసింది. "నా వంతూ, అక్క వంతూ మీరే తాగండి."

ఎవరూ పదింటిదాకా ఆగలేదు. గేటు ముందే, సూపర్‌వైజరు చూస్తుండగానే, సీసాల మూతలు తీశారు.