నలభై సేర్ల సవారీ

"ఊపిరి బిగవట్టవే అవ్వా. జర బరువుగ నిలవడు," అని కాంటా మీద నిలబడ్డ తల్లి చెవిలో ఊదాడు ఏసోబు.

చిలకమ్మ ఊపిరి బిగబట్టింది. ఊపిరి బిగబడితే బరువు పెరుగుతుందని ఏ మహానుభావుడు చెప్పాడో గానీ, ఆ పొద్దున ఖైరతాబాద్ గూడ్సు షెడ్డులో కాంటా ఎక్కిన తొంభై మందీ బుగ్గలు పూరించుకుని బావురుకప్పల్లాగే ఎక్కారు. కుండెడు నీళ్ళు తాగి వచ్చినవాళ్ళున్నారు. కొమురమ్మ అయితే పది రొట్టెలు తిన్నానని ఊరంతా చాటింది. పది రొట్టెల పిండి ఆమె ఇంట్లో పండుగనాడు కూడా ఉండదు, అది వేరే సంగతి.

"నలభై సేర్లు," అన్నాడు గుమాస్తా.

పది సేర్లకు ఒక అణా. పైన తొమ్మిది సేర్లున్నా లెక్కలోకి రావు. చిలకమ్మ అసలు బరువు ముప్పై మూడే. మిగిలిన ఏడు సేర్లూ చీర కింద నడుముకు పేలికతో కట్టిన నల్లరాయి. కట్టింది కన్నకొడుకు. కంకర కొట్టేవాడి చేతికి కళ్ళు మూసుకున్నా రాయి బరువు తెలుస్తుంది. అటూ ఇటూ కాకుండా ఏరి మరీ కట్టాడు. పంజాగుట్ట రాళ్ళ మీద బతికేవాళ్ళందరికీ ఆ తెలివి నేర్పింది కూడా మేస్త్రీ ఏసోబే.

గుత్తేదారు కనకయ్యకు తెలియక కాదు. రైలు వాళ్ళ దగ్గర అతను బిల్లు తీసుకునేదీ తూకం మీదే. అందుకే చిలకమ్మ ఎత్తు కడుపు చూసి, "ముసల్దానికి ఏడో నెలనా ఏంది ఏసోబూ?" అన్నాడు. అందరూ నవ్వారు. చిలకమ్మ కూడా నవ్వింది, ఊపిరి వదలకుండానే.

సంగతేమిటంటే, పట్నం నుంచి సముద్రం ఒడ్డు దాకా పోయే పెద్ద బండి మీద అధికార్లకు కోపం వచ్చింది. అది ముసలిదైపోయిందనీ, కనబడ్డ ప్రతి స్టేషన్లోనూ ఆగి చుట్టరికాలు కలుపుకుంటోందనీ వాళ్ళ ఫిర్యాదు. కర్ర పెట్టెలు తీసేసి ఇనుప పెట్టెలు చేయించారు. పాత దారి విడిచి కొత్త దారి గీశారు. ఆ దారిలో నాలుగు స్టేషన్లలో బండి ఆగకపోతే ముప్పావు గంట కలిసొస్తుందని తేల్చారు. ఇక నిండు బరువుతో అరవై మైళ్ళు పోయి వచ్చి చూసుకోవాలి. ఇసుక బస్తాలు వేస్తే సరిపోయేదే. కానీ ఇసుకను మోయించాలి, దింపించాలి. మనుషులైతే తమ కాళ్ళతో తామే ఎక్కుతారు. కనకయ్య ఈ లెక్క చెప్పగానే ఇంజనీరు దొర ముచ్చటపడ్డాడు.

గుట్ట మీద పని ఆగి అప్పటికి పన్నెండు రోజులు. పనున్ననాడు మగకూలి నాలుగణాలు, ఆడకూలి రెండున్నర. ఊరికే కూర్చుంటే నాలుగణాలంటే గుట్ట గుట్టంతా దిగి వచ్చింది.

"ఇనుండ్రి!" అని కేకేశాడు కనకయ్య. "దిగేటప్పుడు మళ్ల తూకం. ఎక్కిన బరువే దిగాలె. తగ్గినోనికి పైస రాదు. నడుమల ఎవ్వడు దిగొద్దు."

"మరి ఒంటికొస్తే ఎట్ల సేటూ?" అంది కొమురమ్మ.

"ఊపిరి బిగవట్టలే? గట్లనే బిగవట్టు."

తలుపులకు బయటి నుంచి తాళాలు పడ్డాయి. కొత్త పెట్టెలో బల్లలు జానెడు వెడల్పు. కిటికీలకు ఇనుప ఊచలు. బండి ఆపే గొలుసు కోసం పెట్టె బిగించారు గానీ గొలుసు ఇంకా రాలేదు. మూలకు జాలీ కిటికీ, దాని అవతల కాపలా జవాను. వెనక దొర పెట్టె, కనకయ్య ఎక్కిందీ అందులోనే. దానికి తడిసిన వట్టివేళ్ళ తడికలు, కింద మంచుగడ్డల పెట్టె.

మే నెల ఎండ. ఆ ఎండకు తొండలు కూడా ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతూ నిలబడతాయి. బండి ఇరవై మైళ్ళు పోయేసరికి ఇనుప పెట్టె పెనమైంది. మొదటి స్టేషన్లో కుళాయి కనబడింది, నీళ్ళ బకెట్టుతో ఒక మనిషి కనబడ్డాడు. ఊచల్లోంచి చేతులు బయటికి పోయాయి. బండి ఆగలేదు. నీళ్ళ మనిషి నాలుగడుగులు పరుగెత్తి, బకెట్టు కింద పెట్టి చూస్తూ నిలబడిపోయాడు.

రెండో స్టేషను దాటాక చిలకమ్మ తల వాల్చింది. ఏసోబు భార్య జీవమణి అత్త నోట్లో తన కొంగు పెట్టింది. కొంగులో తడి ఉంటే గదా. ఆమె నడుము దగ్గరికి చెయ్యి పోనిచ్చి, "రాయి ఇప్పుతనే అత్తా, మళ్ల కడత," అంది.

ఏసోబు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు. జవాను ఇటే జూస్తుండు. ఒక్క రాయి కనవడితే తొంభై మంది కూలి పోతది."

"అత్త పాణం పోతదయ్యా."

"జరసేపు ఓర్చుకుంటది."

చిలకమ్మ కళ్ళు తెరవకుండానే అంది, "వద్దు బిడ్డా, నాలుగణాలు పోతయ్." అంతలో తనకే నవ్వొచ్చినట్టు మూతి వంకర తిప్పి అడిగింది: "ఊపిరి పోతే బరువు తగ్గుతదారా, ఏసోబూ?"

ఏసోబు జాలీ మీద పిడికిళ్ళతో గుద్దాడు. "భాయ్, తలుపు తియ్యి. మా అవ్వకు దూప అయితుంది."

"చాబీ దొర దగ్గరుంది," అన్నాడు జవాను. అతని పక్కన కూజా ఉంది. జాలీ కన్నాల్లోంచి గ్లాసు పట్టదు.

మూడో స్టేషనూ అంతే. నాలుగో స్టేషను కుళాయి కిటికీ ముందు నుంచి పోయేటప్పటికి చిలకమ్మ లేదు.

అరవయ్యో మైలు దగ్గర ఇంజన్ను అటు నుంచి ఇటు మార్చారు. కనకయ్య కిటికీ దగ్గరికి వచ్చి, ఊచల్లోంచి చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"తలుపు తియ్యి సేటూ, దించుకుంట," అన్నాడు ఏసోబు.

"మతి ఉన్నదా? నడుమల దించితే దొర రాసుకున్నదంత ఖరాబయితది. ముసల్ది ఏడికి పోతది? గాడికే గదా, నిమ్మలంగ కూసో." వెళ్ళబోతూ ఆగి ఒక ముంతెడు నీళ్ళు లోపలికి అందించాడు. తొంభై మందికి ఒక్క ముంత. బరువు పెరగకూడదు మరి.

పొద్దు గుంకే వేళకు ఖైరతాబాద్ చేరారు. దొర పెట్టె కిందికి దూరి స్ప్రింగులు కొలుచుకుని, బట్టలు దులుపుకుంటూ సంతోషంగా లేచాడు. కాంటా దగ్గర వరస కట్టారు. తల్లిని చేతుల మీద ఎత్తుకుని పక్కనుంచి పోబోయిన ఏసోబును గుమాస్తా ఆపాడు. ఎక్కినవాళ్ళు తొంభై, తొంభై తూకాలు రావాలి.

ఏసోబు తల్లిని కాంటా మీద పడుకోబెట్టాడు.

"నలభై సేర్లు," అన్నాడు గుమాస్తా. ఈసారి గొంతు తగ్గించి.

"ఒక్క సేరు తగ్గలే!" అన్నాడు కనకయ్య. "గీ మనిషిని జూసి నేర్చుకోండ్రి. కూలి తిన్నంక మాట మీద నిలవడుడంటే గిట్లుండాలె." ఈసారి ఎవరూ నవ్వలేదు.

గుమాస్తా ఒక కాగితం తీసి చదివాడు. కొత్త బండిలో మూడో తరగతి వాళ్ళకు సుఖంగా ఉంది. ఆ నాలుగు స్టేషన్లలో బండి ఆగనక్కరలేదు. నీళ్ళకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఇట్లు, సవారీ చేసిన వారి వేలిముద్రలు.

"వేలు వెట్టినోళ్ళకే కూలి," అన్నాడు కనకయ్య. "మేస్త్రీ, నువ్వు ముందు వెట్టు. నీ ఎనుక అందరు వెడతరు."

ఏసోబు సిరాపెట్టె వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఎన్నో కాగితాల మీద వేలు పెట్టాడు. ఏ ఒక్కటీ పూర్తిగా చదివించుకున్న పాపాన పోలేదు.

"నేను వెట్ట," అన్నాడు.

"అవ్వ సచ్చిన దుఃఖంల ఉన్నవ్, నాకు ఎరికే. ఇంగో రెండణాలు ఎక్కువ తీస్కో."

"మా అవ్వ దుఃఖంతోని సావలే సేటూ. దూపతోని సచ్చింది. రాయి గట్టింది నేను. ఇప్పుతనంటే చెయ్యి వట్టుకున్నది నేను. గీ కాగితం మీద వేలు వెడితే, రేపటి సంది గా బండెక్కే ప్రతి ముసల్దాన్ని నేనే సంపినట్టు."

కనకయ్య ముఖంలో నవ్వు పోయింది. "అట్లనా? అరే, ముసల్దాని వేలు వట్టు. ఆమె సుత సవారి చేసింది గదా."

గుమాస్తా వంగాడు. చిలకమ్మ కుడిచెయ్యి ముడుచుకుని ఉంది. బొటనవేలు పిడికిలి లోపల ఉండిపోయింది. అతను ఒక వేలు విప్పబోయాడు. ఏసోబు కాంటా మీదే కూలబడి తల్లి పిడికిలిని తన రెండు చేతుల్లో పెట్టుకుని బిగించాడు. జీవమణి వచ్చి ఆ చేతుల మీద తన చేతులు వేసింది.

"ముద్రలు ఎన్ని పడ్డాయి?" అని ప్లాట్‌ఫారం అవతల నుంచి దొర కేకేశాడు.

గుమాస్తా సిరాపెట్టెను కొమురమ్మ వైపు తిప్పాడు. ఆమె రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. ఆమె వెనకవాడి వైపు తిప్పాడు. ఆ వెనకవాడు కనకయ్యను చూశాడు, చిలకమ్మను చూశాడు. అతని చెయ్యి సగం దాకా లేచింది, అక్కడే ఆగింది.