మిగిలిన బోల్టు

అరబ్బు దేశంలో సజ్జా అనే చోట మా అబ్బాయి అయ్యప్ప గ్యారేజీ, దాని వెనక గదిలో తల్లీకొడుకులం ఇద్దరం ఉంటాం. మా వాడికి వీసా ఇచ్చిన యజమాని, అర్బాబ్ గారి జీపు, అదీ వాళ్ళ నాన్న నాటిది, ఎన్నాళ్ళుగానో లిఫ్టు మీదే ఉంది. బండి బరువంతా మోసే అడుగు దూలం తుప్పు తినేసింది. మా వాడు కొత్తది వేశాడు. దానికి బోల్టులు ఏరడానికి డేరా బజారంతా తిరిగాడు. అర్బాబ్‌కేమో తళతళా మెరిసేవి కావాలట.

"మెరుపెందుకే అమ్మా? బరువు మోసేచోట తల మీద ఈ అంకె ఉండాలి. లేనిది పెడితే తెగి చస్తాం," అని నాకొకటి చూపించాడు. పది పాయింట్ తొమ్మిది. అక్షరాలు రాకపోయినా అంకెలు నాకొచ్చు.

సాయంత్రం బిగింపు అయ్యాక పొట్లంలో ఒక బోల్టు మిగిలింది.

"బోల్టుల కొట్టు షావలి ఒకటి ఎక్కువేశాడే. మంచోడు," అని నవ్వి బల్ల మీద పెట్టాడు.

తెల్లారితే ఆ జీపులో మా వాడూ, అర్బాబూ ఫుజైరా కొండలెక్కాలి. కొండదారి అంటేనే నాకు గుండె జారిపోతుంది. వీడి నాన్న మారేడుమిల్లి ఘాటులో లారీతో సహా పడిపోయాడు. ఏదో బోల్టు తెగిందన్నారు. ఆ పొద్దున ఆయన చద్దన్నంలో నంజుకున్న మాగాయ టెంక కూడా నా కళ్ళ ముందే ఉంది.

అందుకే పొద్దున్నే కుంకుమ భరిణె పట్టుకుని లిఫ్టు కిందకి వెళ్ళాను. బయలుదేరే బండికి బొట్టు లేకపోతే ఎలా?

"ఓలమ్మో, అరబ్బాయన బండికి బొట్టేంటే! చూశాడంటే నా వీసా ఖలాస్!"

"అడుగున పెడతానురా. ఆయనేమైనా కింద దూరి చూస్తాడా?"

గ్రీజు మీద కుంకుమ నిలవదు. కొంగుతో బోల్టు తల తుడవడం, అంకె చూడడం, చుక్క పెట్టడం. అలా పెడుతూ పోతుంటే ఒక తల దగ్గర చెయ్యి ఆగిపోయింది. కళ్ళు మసకలేమోనని మళ్ళీ తుడిచాను. అంకె లేదు.

"అయ్యప్పా! దీని తల నున్నగా ఉందేంట్రా?"

వాడొచ్చి చూశాడు. వేలితో తడిమాడు.

"కన్నాలు కుదరడానికి ముందుగా దూర్చిన పాతదమ్మా. తీసి అసలుది వెయ్యాల్సింది. అప్పుడే అర్బాబ్ ఫోన్ చేసి తొందర పెట్టాడు..."

ఇద్దరం బల్ల వైపు చూశాం. షావలి ఎక్కువేమీ వెయ్యలేదు.

బయట అర్బాబ్ కారు హారన్ మోగింది, పద పదమని కేక. "యల్లా, అయ్యప్ప, యల్లా!"

"బోల్ట్ గలత్ హై, అర్బాబ్. అభీ నహీ జాయేంగే." బోల్టు తప్పుది పడింది, ఇప్పుడే వెళ్ళలేం అని చెప్పేశాడు మా వాడు.

పెద్దాయన లోపలికే వచ్చేశాడు. వచ్చినవాడు వంగి కింద నుంచి పైకి చూశాడు. నేను భరిణె కొంగులో దాచుకున్నాను.

"యే లాల్ క్యా హై?" ఈ ఎరుపేంటని అడిగాడు.

"చెక్ చేసినదానికి నిషానీ, అర్బాబ్," అన్నాడు మా వాడు. మెకానిక్కులు సరిచూసిన బోల్టుకి రంగు చుక్క పెట్టడం మామూలేనట. నాకా సంగతి తెలీదు.

అర్బాబ్ మిగతా తలలు చూపించి, "సబ్ పే లగావ్," అన్నాడు. అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, అన్నిటికీ పెట్టాలంట," అన్నాడు అయ్యప్ప, నా వైపు చూడకుండా.

నున్నదాన్ని తీసేసి, మిగిలిన బోల్టు ఎక్కించి బిగించాడు. ఒక్కో తలా తుడిచి అంకె పైకి చదివాడు. నేను చుక్క పెట్టాను. గ్రీజుకి కొన్ని చుక్కలు సాగిపోయాయి.

జీపు వాళ్ళిద్దరితో వెళ్ళిపోయింది. ఆ నున్నటి బోల్టుని గుప్పిట్లో పట్టుకుని కొండ దిగాక వాడు చేసే ఫోన్ కోసం కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు.